సన్యాసి పీత సర్దుబాటు

వెన్నెముక లేని జీవులన్నిటినీ ఒకే తొట్టెలో పెట్టాలన్న ఆలోచన చక్రధర్ గారికి ఒక పెళ్ళి భోజనంలో వచ్చింది. విస్తరిలో పప్పు పక్కన పులిహోర ఉంది. పులిహోర పక్కన బూరె ఉంది. బూరె కిందికి కొంచెం పులుసు పారింది. ఎవరూ ఎవరితోనూ గొడవ పడటం లేదు. ఆయన చెయ్యి కడుక్కునే చోటికి వెళ్ళేసరికి పథకం తయారైంది. చెయ్యి తుడుచుకునేసరికి దానికి పేరు కూడా కుదిరింది.

చక్రధర్ గారు పెంపుడు జీవుల వసతి మండలికి కార్యనిర్వాహక అధికారి. అంతకు ముందు ఆయన ఇళ్ళ నిర్మాణంలో ఉండేవారు. అక్కడ ఒక గదిని రెండు గదులుగా చూపించడంలో పేరు తెచ్చుకున్నారు. వసతి మండలి మాత్రం కొత్త సంస్థ. సముద్రం ఒడ్డున ఉన్న ఆ పట్టణంలో అపార్టుమెంటు సంఘాలు ముందు కుక్కల్ని వద్దన్నాయి, తరువాత పిల్లుల్ని వద్దన్నాయి, ఆపైన చిలకల్ని కూడా వద్దన్నాయి. పై అంతస్తులో మొగుడూ పెళ్ళాల మాటలు చిలక ద్వారా కింది అంతస్తుకు చేరుతున్నాయట. ఇక మొరగనివి, కూయనివి, బొచ్చు రాల్చనివి మాత్రమే మిగిలాయి. ఏడాది తిరిగేసరికి మర్యాదస్తుల ఇళ్ళన్నిటిలో గాజు పెట్టెలు వెలిశాయి. పొద్దున్న నడకకు వచ్చినవాళ్ళు "మీ తేలు కులాసాయేనా?" అని పలకరించుకోసాగారు. తేలు యజమాని తిరుపతి వెళితే తేలును ఎవరు చూడాలి? అందుకే వసతి మండలి పుట్టింది.

భానోజీరావు ఆ మండలిలో మానసిక సలహాదారు. మనస్తత్వ శాస్త్రంలో ఎం.ఏ. చదివాడు. నలభై దాటాయి, పెళ్ళి కాలేదు. మనుషులు తన దగ్గర మాట్లాడటం మొదలుపెట్టగానే వాళ్ళు ఏం దాస్తున్నారో అతనికి తెలిసిపోయేది. దానివల్ల వాళ్ళు చెప్పేది సరిగా వినపడేది కాదు. అందుకే జంతువుల సంస్థలో ఉద్యోగం దొరికినప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు. యజమానికి దూరమైన సాలీడు ఏం దాస్తోందో తెలుసుకోవలసిన అవసరం ఉండదు కదా అనుకున్నాడు.

అతను ఊహించనిది ఒకటే, చక్రధర్ గారు.

"అడ్డుగోడలు మనం కట్టినవే," అన్నారు ఆయన, పథకం ప్రకటించిన సమావేశంలో. "ప్రకృతి కట్టలేదు. ఒక్కొక్క జీవికి ఒక్కొక్క పెట్టె, ఒక్కొక్క బల్బు, ఒక్కొక్క నీళ్ళ మూత. దీన్ని వసతి అంటారా, విభజన అంటారా? వీటన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒకటి ఉంది. వెన్నెముక లేకపోవడం. ఐక్యతకు ఇంతకు మించిన ప్రాతిపదిక ఏం కావాలి?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. భానోజీరావు కూడా ఊపాడు. ఊపాక, తాను దేనికి ఊపాడో పరిశీలించుకున్నాడు. కొంచెం భయం వేసింది.

"జెర్రి మాంసాహారి అండీ," అన్నాడు మెల్లిగా.

"మా అల్లుడు కూడా మాంసాహారే. నెలకో వారం మా ఇంట్లోనే ఉంటాడు. సర్దుకుంటున్నాడు."

"అంటే అది పక్కవాటిని తింటుందేమోనని..."

"నువ్వు వేరు, నువ్వు ప్రమాదం అని పుట్టినప్పటినుంచీ పెట్టెలో పెట్టి చెబుతుంటే ఎవరు మాత్రం తినరు? మీరు మనస్తత్వ శాస్త్రం చదివినవారు. మీకు నేను చెప్పాలా?"

ఆ మాటలో సగం భానోజీరావు చదివిన పాఠ్యపుస్తకంలోనే ఉంది. మన మాటల్నే మనకు తిప్పి వడ్డిస్తే తప్పు పట్టడం కష్టం. మన ఇంటి గిన్నెలో వచ్చిన పొరుగింటి కూరలా ఉంటుంది.

వెనక కుర్చీలోంచి స్టోరు కీపరు ముత్యాలునాయుడు గొణిగాడు. "ఎవులు ఎవుల్ని తింతారో తొట్టెలో ఎయ్యకముందే తెలిసిపోనాది. మరింక తొట్టెకి కరుసెందుకు?"

ఎవరూ వినలేదు. అప్పటికే మండలికి సంస్కృతి సలహాదారుగా ఉన్న విశ్వపతి శాస్త్రి గారు చెయ్యి ఎత్తారు. ఆయన రిటైరైన తెలుగు పండితులు.

"నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది," అన్నారు.

భానోజీరావుకు ప్రాణం లేచి వచ్చింది.

"పథకానికి 'ఏకతొట్టి' అని పేరు పెట్టారు. 'ఏక' సంస్కృతం. 'తొట్టి' తెలుగు. ఈ రెండూ ఒక సమాసంలో ఇమడవు. దీన్ని వైరి సమాసం అంటారు. పుట్టుకలోనే పొసగని వాటిని ఒకచోట కట్టిపడేస్తే, చదివేవాడి చెవికి అపచారం."

చక్రధర్ గారు చలించిపోయారు. పొరపాటును మన్నించమన్నారు. వెంటనే 'ఏకపాత్ర సహనివాస పథకం' అని మార్చారు. రెండు మాటలు పక్కపక్కన ఉండలేవన్న విషయం ఆ గదిలో అందరికీ బాధ కలిగించింది. తరువాత వాళ్ళు తేలును నత్త పక్కన పెట్టే తేదీ ఖాయం చేశారు.

ఆ పైన నివాసుల పేర్లు చదివారు. గుమాస్తా నాగరత్నం చదువుతుంటే శాస్త్రి గారు కళ్ళు మూసుకుని విన్నారు.

"తేలు. సాలీడు. జెర్రి. నత్తలు. మిడత. గొల్లభామ. రోకలిబండలు..."

"ఆగండి," అన్నారు చక్రధర్ గారు. "రోకలిబండలు ఇక్కడెందుకు ఉన్నాయి? వంటసామాను జీవుల పట్టికలో ఎవరు చేర్చారు? ఈ నిర్లక్ష్యమే నాకు నచ్చదు. ముత్యాలూ, ఇవాళే వాటిని క్యాంటీనుకు పంపెయ్."

"సిత్తం బాబూ," అన్నాడు ముత్యాలునాయుడు. ఆ రోకలిబండలు వానాకాలంలో గోడల వెంట పాకి, ముట్టుకుంటే చుట్టలు చుట్టుకునే పురుగులన్న సంగతి అతనికి తెలుసు, బల్ల చుట్టూ ఉన్న సగం మందికీ తెలుసు. కానీ అధికారి ఒకమాట అన్నాక దాన్ని సరిదిద్దడం ఆయన భోజనంలోంచి వెంట్రుక తీసి చూపించడం లాంటిది. ఎవరికి వారు పక్కవాడు చూపిస్తాడని ఊరుకున్నారు. వాటి పెట్టె ఆ సాయంత్రమే క్యాంటీనులో గ్రైండరు పక్కకు చేరింది.

"ఇక ఉద్యోగులు ఆదర్శంగా నిలవాలి," అన్నారు చక్రధర్ గారు. "భానోజీరావు గారూ, మీ దగ్గర ఒక సన్యాసి పీత ఉందని చెప్పారు కదూ?"

ఎప్పుడో టీ తాగుతూ ఒక్కసారి అన్నమాట అది. ఆయనకు ఇంకా గుర్తుందన్న సంతోషం భానోజీరావు గుండెలో చటుక్కున వెలిగింది. ఆ వెలుగులోనే తాను తలూపడం తనకు కనిపించింది.

"గొల్లభామా సన్యాసీ ఒకే ఇంట్లోనా?" అన్నారు శాస్త్రి గారు కళ్ళు తెరిచి. "లోకం ఏమంటుంది?"

చాలాసేపు తర్జనభర్జన పడి, తొట్టె మధ్యలో ఒక అట్టముక్క నిలబెట్టాలని తీర్మానించారు. పథకం మొత్తంలో అడ్డుగోడకు అనుమతి దొరికింది ఆ ఒక్క కారణానికే. గొల్లభామ మొదటి రోజునే దాని మీదకెక్కి కూర్చుంది.

ఆ పీత ఆరేళ్ళుగా భానోజీరావు గదిలో ఉంటోంది. సముద్రం ఒడ్డున గవ్వలమ్మేవాడి పళ్ళెంలో గవ్వ అనుకుని కొన్నాడు. ఇంటికి తెచ్చాక గవ్వ నడిచింది. అతను దానికి పేరు పెట్టలేదు, కబుర్లు చెప్పలేదు, దాన్ని చూసి నవ్వుకోలేదు. చదువుకుంటున్నప్పుడు బల్ల మీద గుల్ల తగిలిన టకటక చప్పుడు వినిపించేది. గదిలో ఇంకొకరు ఉన్నారు, వాళ్ళకు తనతో పని లేదు. అంతకు మించిన సాంగత్యం మనుషుల దగ్గర అతనికి ఎప్పుడూ దొరకలేదు. తొట్టెలో దాన్ని దించుతున్నప్పుడు, మధ్యాహ్నానికి వెనక్కి తీసుకోవచ్చులే అనుకున్నాడు.

మధ్యాహ్నం నిబంధనలు వచ్చాయి. నివాసిని తొట్టెలోంచి తీసుకెళ్ళాలంటే, అది సర్దుకోలేకపోయిందని సర్దుబాటు అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి. సర్దుబాటు అధికారిగా భానోజీరావును నియమించారు. కానీ తన జీవికి తానే ధ్రువపత్రం ఇచ్చుకోవడం పక్షపాతం కనుక అది చెల్లదు.

"మరి నాది ఎలా తీసుకోవాలండీ?" అని అడిగాడు.

"ఎందుకు తీసుకోవాలి?" అన్నారు చక్రధర్ గారు, నిజంగానే అర్థం కాక.

మొదటి వారం నత్తలు కనపడలేదు. గుల్లలున్నాయి. నత్తలు అంతర్ముఖులని, లోపలికి ముడుచుకోవడం వాటి స్వభావమని భానోజీరావు రాశాడు. అది అబద్ధం కాదు. నత్తల గురించి ఏ పుస్తకమైనా అదే చెబుతుంది. తరువాత మిడత పోయింది. గొల్లభామ దాని పక్కనే చాలాసేపు కూర్చోవడం అతను చూశాడు, 'సన్నిహిత సంబంధం' అని రాశాడు. సాలీడు గొల్లభామతో ఇంకా సన్నిహితమైంది. తేలు సాలీడుతో. ప్రతిసారీ అతను కాగితం మీద కలం పెట్టగానే మెత్తని మాట ఒకటి తనంతట తానే వచ్చి కూర్చునేది. ఎక్కణ్ణుంచి వస్తోందో చూద్దామని ఒకరోజు కలం ఎత్తి పట్టుకుని కాసేపు ఎదురుచూశాడు. చిన్నప్పుడు కొట్టబోయే మేష్టారి ముందు నవ్విన నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కణ్ణుంచే వస్తోంది. తెలుసుకున్నాడు గానీ మాట మారలేదు. ఏ జబ్బో తెలిసినంత మాత్రాన అది తగ్గదని అతను ఇతరులకు చాలాసార్లు చెప్పి ఉన్నాడు.

"మొదటి వారం ఘర్షణలు ఎన్నో ఉన్నాయి. మూడో వారం చాలా తగ్గాయి," అన్నారు చక్రధర్ గారు గోడకు తగిలించిన పటం చూపిస్తూ. పటంలో గీత అందంగా దిగుతోంది. "ఇంకో గీత చూడండి. ఒక్కో నివాసికి దొరుకుతున్న స్థలం రోజురోజుకూ పెరుగుతోంది. తొట్టె పెద్దది చేయకుండా! ఇళ్ళ నిర్మాణంలో ఉండగా ఈ కిటుకు తెలియలేదు నాకు."

"జెర్రి లావైందండీ," అంది నాగరత్నం.

"ఎదుగుదల అనండి."

తేలు కూడా కనపడకుండా పోయాక తొట్టెలో రెండే మిగిలాయి. జెర్రి ఇసుక మీద నిగనిగలాడుతూ తిరుగుతోంది. సన్యాసి పీత మూలన గుల్లలోకి దూరి, పెద్ద గోరును గుమ్మానికి అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. ఆఫీసులో భానోజీరావు కుర్చీ తొట్టెకు ఎదురుగా ఉంది. దాన్ని తిప్పి వేసుకున్నాడు. రెండు రోజులయ్యాక, వీపుతో చూడటం ఇంకా కష్టమని గ్రహించి మళ్ళీ ఇటు తిప్పాడు. జెర్రి గుల్ల చుట్టూ తిరిగి, మీసాలతో గోరును తడిమి, వెళ్ళిపోయేది. మళ్ళీ వచ్చేది. తొందర లేదు దానికి.

సరిగ్గా అప్పుడు యజమానులు ఊళ్ళనుంచి తిరిగొచ్చారు.

చక్రధర్ గారు వాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, తొట్టె చూపించారు.

"మా నత్తలేవండీ?" అన్నాడు ఒక బ్యాంకు ఉద్యోగి.

"ఎక్కడికీ పోలేదు. ఇదే ఆవరణలో ఉన్నాయి. రూపం మార్చుకున్నాయి, అంతే."

"ఇక్కడ జెర్రి ఒక్కటే ఉంది కదా!"

"మరి జెర్రికి అన్ని కాళ్ళు ఎక్కడివనుకున్నారు?"

యజమానులు తొట్టెలోకి చూశారు. జెర్రి నడిచింది. కాళ్ళు చాలానే ఉన్నాయి. ఎవరి కాళ్ళు వాళ్ళు గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు అందరూ ముందుకు వంగారు.

"అందులో మీ అందరికీ వాటా ఉంది," అన్నారు చక్రధర్ గారు. "ఇకనుంచి అది ఉమ్మడి జీవి. వారంలో ఒక్కో రోజు ఒక్కొక్కరి ఇంట్లో ఉంటుంది. వాటాలు కాళ్ళ లెక్కన."

ఆ మాటతో వాళ్ళ కోపం దారి మారింది. తేలు యజమానీ సాలీడు యజమానీ చెరి ఎనిమిది కాళ్ళకు ఎనిమిది వాటాలు అడిగారు. గొల్లభామను పెంచిన అమ్మాయి ఆరుకు ఒప్పుకోలేదు. రెక్కలు కూడా కలపాలంది. నత్తలాయనకు ఏమీ రాదన్నారు. ఆయన మండిపడి, ఏడో తరగతి సైన్సు పుస్తకంలో నత్తకు ఒక పాదం ఉందని రాసి ఉందన్నాడు. చివరికి ఆయనకు ఆదివారం పూట కాసేపు ఇచ్చారు. ఏదో పోగొట్టుకున్నామని వచ్చినవాళ్ళు, తక్కువ దొరికిందని దెబ్బలాడుకుంటూ బయటికి వెళ్ళారు. ఇదెలా జరిగిందో భానోజీరావుకు పూర్తిగా అర్థమైంది. అర్థం కావడం తప్ప అతను చేసినది ఏమీ లేదు.

వాటా అడగనిది ఒక్క పోలమాంబే. ఆవిడకు రైల్వే గేటు దగ్గర టిఫిను కొట్టు ఉంది. సాలూరులో చెల్లెలి దగ్గరికెళ్ళి అప్పుడే దిగింది. చేతిలో సంచీ ఇంకా కింద పెట్టలేదు.

"నాకు మీ జెర్రి అక్కరనేదు. నా రోకలిబండలేవి బాబూ?"

"క్యాంటీనులో చూసుకో అమ్మా," అన్నారు చక్రధర్ గారు. "బయటివాళ్ళ పనిముట్లను మేం వాడుకోం."

పోలమాంబ క్యాంటీనుకు వెళ్ళింది. భానోజీరావు ఆవిడ వెనకే వెళ్ళాడు. గ్రైండరు పక్కన పెట్టెలో రోకలిబండలన్నీ ఉన్నాయి. కరివేపాకు రెబ్బలు తింటూ, ఒకదాని మీద ఒకటి చుట్టలు చుట్టుకుని, కాస్త ఒళ్ళు కూడా చేశాయి.

"ఓలమ్మ, నా బంగారాలు!" అంది ఆవిడ. పెట్టె సంకలో పెట్టుకుని అతని వైపు తిరిగింది. "ఏటి బాబూ, అలగ సూస్తన్నావు? అక్కడ ఉన్నవన్నీ సచ్చిపోయినాయి కదా?"

"సర్దుకున్నాయి," అన్నాడు అతను, అలవాటుగా.

"సర్దుకుని ఎక్కడికెల్లినాయి?"

అతను కింద రాలిన కరివేపాకు రెబ్బ తీసి పెట్టెలో వేశాడు.

"నీది కూడా ఉన్నాదంట కదా లోపల. పీత. ఆ ముత్తేలు సెప్పినాడు."

"ఉంది."

"బతికున్నాదా?"

"ఇంకా ఉంది."

"ఇంకా అంతావేటి? సెయ్యెట్టి తీసుకోనేవా?"

"నిబంధన ప్రకారం ధ్రువపత్రం కావాలండి. అది నేనే ఇవ్వాలి. నాకు నేను ఇచ్చుకుంటే చెల్లదు. పైగా ఇది సర్దుకోలేదని రాస్తే, మిగిలినవి సర్దుకున్నాయని నేను రాసినవన్నీ..." అని ఆగాడు.

పోలమాంబ పెట్టెను రెండో సంకలోకి మార్చుకుంది. "నాకు తెలీక అడుగుతన్నాను. ఆ జెర్రి కాయితాలు సదువుతాదా?"

"లేదండి."

"మరి దానికి నేని బయం నీకెందుకు నాయినా?" అంది. ఎగతాళిగా కూడా అనలేదు. పెట్టె సర్దుకుని ఆటో కోసం వెళ్ళిపోయింది.

మర్నాడు రాజధాని నుంచి, పథకానికి బహుమతి ఇవ్వాలో లేదో తేల్చడానికి పురస్కార సంఘం వస్తోందని కబురు. పథకం మొత్తం రాష్ట్రానికి వ్యాపించబోతోంది. ఆ రోజు ఉదయం, సంఘం రాకముందే చక్రధర్ గారు తొట్టె ముందు అత్యవసర సమావేశం పెట్టారు. శాస్త్రి గారు వచ్చారు. నాగరత్నం కాగితాలు తెచ్చుకుంది. ముత్యాలునాయుడు గాజు తుడిచాడు.

"ఇక్కడ సమస్య జెర్రి కాదు," అన్నారు చక్రధర్ గారు. "జెర్రి బయటికి వస్తుంది, తిరుగుతుంది, అందరితోనూ కలిసింది. సమస్య ఈ పీత. వచ్చిన రోజునుంచీ తలుపు వేసుకుని కూర్చుంది. సహనివాసంలో తలుపేమిటి? సంఘంవారు వచ్చి చూస్తే ఏమనుకుంటారు? మనం ఏదో దాస్తున్నామనుకోరూ?"

"సన్యాసికి అసలు ఇల్లే ఉండకూడదు," అన్నారు శాస్త్రి గారు. "గృహం వదిలినవాడినే సన్యాసి అన్నారు. ఇది ఇంటిని వీపున మోసుకు తిరుగుతోంది. పేరుకూ నడతకూ పొంతన లేదు."

పరిపాలన దృష్టితో చూసినా, సంప్రదాయ దృష్టితో చూసినా గుల్ల ఉండరాదని తేలింది. పారదర్శకత కోసం పీతను గుల్లలోంచి బయటికి తీసి తొట్టెలో ఉంచాలని తీర్మానించారు. నాగరత్నం రాసుకుంది.

"యజమాని ఇక్కడే ఉన్నారు. ఆయన చేతుల మీదుగా జరిగితే బాగుంటుంది," అన్నారు చక్రధర్ గారు ఆదరంగా. "కానివ్వండి, భానోజీరావు గారూ."

అతను తొట్టెలో చెయ్యి పెట్టాడు. జెర్రి అట్టముక్క వెనక్కి తప్పుకుంది. గుల్ల అరచేతిలోకి వచ్చింది. చాలా తేలిక. లోపల ఉన్నది ఇంకా లోపలికి జరిగినట్టు చేతికి తెలిసింది. సన్యాసి పీతకు ముందు భాగమే గట్టి. వెనకదంతా మెత్తని ఒళ్ళు, చర్మం కూడా సరిగా ఉండదు. దాన్ని పట్టుకుని లాగితే రాదని అతనికి తెలుసు. పట్టు వదలదు. ఒళ్ళు రెండుగా తెగుతుంది గానీ పట్టు వదలదు.

అందరూ చూస్తున్నారు. అతను తనలో రోజూ వచ్చే మెత్తని మాట కోసం వెతుక్కున్నాడు. అది వచ్చింది కూడా. వీళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఇది ఒక పురుగు లాంటిది. రేపటికి ఎలాగూ జెర్రి తినేస్తుంది. చెప్పినట్టు చేస్తే ఈ గదిలో ఎవరూ తనను వింతగా చూడరు. అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి, ఎప్పటిలాగే సిద్ధంగా. ఈసారి వాటిని చూస్తుంటే అతనికి ఎవరో పరాయివాళ్ళ బంధువుల్ని చూస్తున్నట్టుంది. మర్యాదగా ఉన్నారు, కానీ తనవాళ్ళు కారు.

"తియ్యను," అన్నాడు.

నాగరత్నం కలం ఎత్తి పట్టుకుంది.

"తియ్యలేను అన్నారా సార్?"

చక్రధర్ గారి ముఖం తేటపడింది. "అదే అదే. తియ్యలేనన్నారు. రాయండమ్మా. 'పీతను తీయలేనని సలహాదారు విన్నవించుకున్నారు.' కారణం చేతి వణుకని తరువాత చేర్చుదాం. దానికి సెలవు కూడా దొరుకుతుంది. ముత్యాలు తీస్తాడులెండి."

"తియ్యలేను కాదండీ," అన్నాడు భానోజీరావు. గుప్పిలి మూశాడు. "తియ్యగలను. తియ్యను."

చక్రధర్ గారు శాస్త్రి గారి వైపు చూశారు, భాషలో ఏదైనా వెసులుబాటు ఉంటుందేమోనని.

"రెండూ వేరు," అన్నారు శాస్త్రి గారు. వ్యాకరణం దగ్గర ఆయన ఎవరికీ లొంగరు. "తియ్యలేను అంటే అశక్తత. తియ్యను అంటే నిరాకరణ. కర్తకు శక్తి ఉంది, ఇష్టం లేదు."

"నిరాకరణకు మన దగ్గర నిబంధన లేదు," అన్నారు చక్రధర్ గారు. ఆయన గొంతులో కోపం లేదు. ఒక మంచి ఉద్యోగి జారిపోతున్న బాధ ఉంది. "భానోజీరావు గారూ, ఒక్క అక్షరం. 'లే' ఉంటే మీరు జబ్బు మనిషి, మేమందరం మిమ్మల్ని చూసుకుంటాం. 'లే' లేకపోతే మీరు ఇక్కడ లేరు. మీకేం పోయింది? ఉండనివ్వండి."

అది నిజమేననిపించింది అతనికి. ఒక్క అక్షరమే. ఇన్నాళ్ళూ తాను దాని నీడనే బతికాడు. రాలేను, చెప్పలేను, అడగలేను. ఎవరూ ఎప్పుడూ కోప్పడలేదు. పైగా జాలిపడ్డారు.

"'లే' తీసెయ్యండి, నాగరత్నం గారూ," అన్నాడు.

ఆవిడ చక్రధర్ గారి వైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆవిడ ఆ అక్షరం మీద సన్నగా ఒక గీత గీసింది. పక్కన చిన్న సున్న చుట్టి కాగితం అతని ముందుకు జరిపింది.

"కొట్టివేత పక్కన మీ పొడి సంతకం కావాలి సార్."

కుడి చేతిలో పీత ఉంది. అతను గుప్పిలి విప్పకుండా ఎడమ చేత్తో సంతకం పెట్టాడు. అక్షరాలు నేర్చుకుంటున్నవాడి రాతలా వంకరగా వచ్చింది. అయినా చెల్లుతుందంది నాగరత్నం.

అతను తలుపు దాటుతుండగా వెనక చక్రధర్ గారి గొంతు వినిపించింది. తొట్టెలో ఒక్కరే ఉంటే సహనివాసం అనడానికి వీల్లేదని అప్పుడే ఆయనకు తట్టినట్టుంది.

"ముత్యాలూ, క్యాంటీనులో బొద్దింకలుంటాయా?"

"ఎందుకుండవు బాబూ. శానా ఉంతాయి."

"ఎలాంటివి?"

"సర్దుకుపోయినవే," అన్నాడు ముత్యాలునాయుడు.

భానోజీరావు మెట్లు దిగాడు. మూడో మెట్టు మీద గుప్పిట్లో కదలిక తెలిసింది. గుల్ల గుమ్మంలోంచి గోరు బయటికి వచ్చి, అతని చూపుడు వేలు మొదట్లో మెత్తటి చోటు వెతికి పట్టుకుని, గట్టిగా నొక్కింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి విదిలించకుండా, వేళ్ళు సడలించకుండా, అలాగే నడిచి రోడ్డు మీదికి వచ్చాడు.